పాట కంప్యూటర్లోంచి రానీండి, గొంతు బయటే కలవనీండి

(తిరుపతిలో ఒక కాలనీ సంఘం హాల్లో, వాయిద్యాలు మాత్రమే ఉన్న ట్రాకుకు గొంతు కలిపి ఇళ్ళల్లో కరోకే పాడుకునేవాళ్ళ కోసం ఏర్పాటు చేసిన ప్రసంగం. మాట్లాడినాయన పెళ్ళిళ్ళకు, కచేరీలకు సౌండ్ పెట్టే వృత్తిలో ఉన్నారు. మాటతీరు ఉన్నదున్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల ఫ్యాన్ కింద కూర్చున్నవాళ్ళు కాస్త ముందరికి రండి, చేతిలో ఉన్న తీగలు చూపించాలి మీకు.

నన్ను పిలిచిన పెద్దాయన ఫోన్లో అడిగింది ఒకటే మాట. టీవీ కింద చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టుకున్నారు. అది హెచ్‌డీఎంఐ తీగతో హోమ్ థియేటర్ రిసీవర్‌కు పోతుంది, అక్కడినుంచి స్పీకర్లకు. సినిమా బ్రహ్మాండంగా వస్తుంది. కరోకే ట్రాకూ బాగానే వస్తుంది. మైకు తెచ్చి కంప్యూటర్‌కు గుచ్చితే మాత్రం గొంతు రాదు. ఎట్లో తంటాలు పడి రప్పిస్తే, నోట్లోంచి మాట బయటపడినాక కాసేపటికి స్పీకర్లో పలుకుతుంది. ఇంకేముంది, తాళం గోవిందా. ఇక్కడ చాలామందిది ఇదే బాధ అని మీ ముఖాలే చెప్తా ఉన్నాయి.

జవాబు ముందే చెప్పేస్తా. పాట కంప్యూటర్లోంచి రానీండి. గొంతును కంప్యూటర్లోకి పోనీకండి. ఆ రెండూ బయట, చిన్న మిక్సర్ దగ్గర, అంటే రెండు మూడు చోట్లనుంచి వచ్చే ధ్వనిని కలిపే పెట్టె దగ్గర కలవాలి. వినడానికి ఇంతే. ఎందుకని అడుగుతారు కదా, అది చెప్పడానికే ఇంతసేపు.

మైకులో పడిన గొంతును కంప్యూటర్ సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. కొలిచింది కొలిచినట్టు బయటికి పంపదు. కొన్ని కొలతలు పోగయ్యేదాకా ఆగి, అన్నీ ఒకేసారి పంపుతుంది. ఆ పోగునే బఫర్ అంటారు. 480 కొలతలు పోగైతే 10 మిల్లీసెకన్లు ఆగినట్టు. 1,024 అయితే 21 దాకా. ఇది లోపలికి వచ్చేటప్పుడు. విండోస్ తన మిక్సర్లో కలిపేటప్పుడు ఇంకోసారి ఆగుతుంది. బయటికి పోయేటప్పుడు మళ్ళీ. హెచ్‌డీఎంఐ దాటినాక రిసీవర్ ఊరుకుంటుందా? రెండు స్పీకర్ల ధ్వనిని అయిదు స్పీకర్లకు పంచాలని, గదికి తగ్గట్టు దిద్దాలని అది కొంత లెక్క వేస్తుంది. ధ్వని టీవీలోకి పోయి తిరిగి రిసీవర్‌కు వచ్చే ఏర్పాటైతే టీవీ కూడా తన వంతు తీసుకుంటుంది. ఎవరూ పెద్దగా తినరు, అందరూ కొంచెం కొంచెం తింటారు.

దీన్ని దూరంలో చెప్తే మీకు పట్టుబడుతుంది. గాల్లో శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది. అంటే ఒక మిల్లీసెకనుకు ఒక అడుగు పైచిలుకు. మహతి ఆడిటోరియంలో వేదిక మీద పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర బాక్సు పెడతాం చూడండి, దాన్నుంచి చెవికి రావడానికే నాలుగైదు మిల్లీసెకన్లు పడుతుంది. ఎవరూ గమనించరు. పది అయినా సర్దుకుపోతారు. ఇరవై, ముప్పై దాటితే పాడేవాళ్ళకు ఏదో తేడాగా ఉంటుంది, ఏమిటో చెప్పలేరు. 200 దగ్గరికి పోతే మాత్రం, మీ గొంతు 70 మీటర్ల అవతల ఉన్న బాక్సులోంచి మీకు వినపడినట్టు లెక్క. మనిషి పాడటం అట్లుంచి, మాట్లాడనే లేడు.

ఇది ఊరికే అన్న మాట కాదు. 1971లో జపాన్‌లోని కోబే ఊళ్ళో ఇనోవే దైసుకే అనే వాద్యకారుడు కరోకే పెట్టె తయారుచేసినాడు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు, అసలు నోబెల్ కాదు, నవ్వించి ఆలోచింపజేసే పనులకు ఇచ్చే సరదా బహుమతి, ఒకరి పాటను ఇంకొకరు సహించడం నేర్పినందుకట! (నవ్వులు) మళ్ళీ 2012లో అదే ఇగ్ నోబెల్ ఇంకో ఇద్దరు జపానువాళ్ళకు వచ్చింది. వాళ్ళు చేసిన యంత్రం మాట్లాడేవాడి గొంతును సెకనులో ఐదో వంతు ఆలస్యం చేసి అతని చెవికే తిప్పి కొడుతుంది. అతను నోరు మూసుకుంటాడు. అంటే మీరు ఇంట్లో కష్టపడి, డబ్బు పోసి, కరోకే అనుకుంటా ఆ రెండో యంత్రాన్ని తయారు చేసుకున్నారన్నమాట.

"అన్నా, పాత కంప్యూటర్లో ఈ గోల లేదే" అని ముందు వరసలో సార్ అంటున్నారు. నిజమే. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో వాల్యూమ్ కంట్రోల్ తెరిచి, మైకు కింద మ్యూట్ అనే టిక్కు తీసేస్తే గొంతు టక్కున వచ్చేది. ఎందుకంటే అది సాఫ్ట్‌వేర్ దాకా పోయేదే కాదు, సౌండ్ చిప్ లోపలే కలిసి బయటికి వచ్చేది. 2007లో విస్టా వచ్చినాక ధ్వని వ్యవహారమంతా తిరగరాశారు. ఇప్పుడు మైక్రోఫోన్ ప్రాపర్టీస్‌లో "లిజన్ టు దిస్ డివైస్" అని ఒక టిక్కు ఉంటుంది. మైకు బతికి ఉందో లేదో చూసుకోవడానికి అది చాలు. పాడటానికి పనికిరాదు. మైకు సౌండు అంతా సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగే వస్తుంది.

కొన్ని కంప్యూటర్లలో ఆ పాత దారి ఇంకా మిగిలే ఉంది. స్పీకర్ ప్రాపర్టీస్‌లో లెవెల్స్ అనే పేజీ తెరిస్తే, స్పీకర్ గీత కింద మైకుకు కూడా ఒక గీత కనపడితే మీరు అదృష్టవంతులు. దాని మ్యూట్ తీసేయండి, ఆలస్యం ఉన్నట్టే తెలియదు. కానీ అది కంప్యూటర్‌కు మామూలు స్పీకర్ల తీగ గుచ్చే ఆకుపచ్చ సాకెట్‌లోంచి మాత్రమే వస్తుంది. హెచ్‌డీఎంఐలో రాదు. హెచ్‌డీఎంఐ ధ్వని గ్రాఫిక్స్ చిప్ తరఫున పోయే వేరే పరికరం, వీళ్ళిద్దరికీ సంబంధం లేదు. చాలామంది ఇక్కడే తల పట్టుకుంటారు. మ్యూట్ తీశా, గీత పైకి జరిపా, గొంతు రాలేదంటారు. యాడ వస్తుంది? తీగ వేరే సాకెట్‌కు ఉంటే!

ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్లో సినిమాలు, పాటలు ఆడించే కోడి అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళు చేతులెత్తండి. ఆ, చానామందే ఉన్నారు. కోడిలో ఆడియో సెట్టింగుల్లో పాస్‌త్రూ పెట్టుకుని ఉంటారు, సినిమాకు డాల్బీ కావాలని. పాస్‌త్రూ అంటే ధ్వనిని విప్పకుండా, మూట కట్టింది కట్టినట్టే రిసీవర్‌కు పంపేయడం. విప్పనిదాంట్లో మీ గొంతు కలపడం బ్రహ్మ తరం కూడా కాదు. వాసాపీ అనే దారి ఎంచుకున్నా ఇంతే, కోడి ఆ హెచ్‌డీఎంఐని పూర్తిగా తన గుప్పిట్లో పెట్టుకుంటుంది, ఇంకొకరి శబ్దం రానీదు. పాట ఆపగానే మైకు పలుకుతుంది, పాట పెట్టగానే మూగబోతుంది. మైకు పాడైందని కొత్తది కొన్నవాళ్ళు ఉన్నారు. పాస్‌త్రూ తీసేసి, డైరెక్ట్‌సౌండ్ అనే దారి పెట్టుకుంటే రెండూ కలిసి వస్తాయి. ఆలస్యం మాత్రం ఆలస్యమే.

సరే, ఇప్పుడు నా పద్ధతి. ఇది చూడండి. (చిన్న మిక్సర్ చూపిస్తూ) నాలుగు చానెళ్ళది, అరచేతికి కాస్త పెద్దది. మద్రాసు పోయేవాళ్ళు రిచీ స్ట్రీట్‌లో చూసి తెచ్చుకోవచ్చు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. ఈ మూడు కాళ్ళ సాకెట్ ఎక్స్‌ఎల్‌ఆర్, మైకుకు. మామూలు డైనమిక్ మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. రిసీవర్ వెనకాల ఎరుపు, తెలుపు సాకెట్లకు కావలసింది దాదాపు 300. అందుకే మైకును నేరుగా అక్కడ గుచ్చితే దోమ గొంతు వస్తుంది. ఆ తేడా పూడ్చేది మిక్సర్లో ఉన్న ప్రీఆంప్. కంప్యూటర్ గులాబీ రంగు సాకెట్‌లో గుచ్చినా అంతే సంగతి, అది హెడ్‌సెట్ మైకుల కోసం చేసింది. బూస్ట్ పెంచితే గొంతుతో పాటు బుస్సుమనే చప్పుడు కూడా పెరుగుతుంది.

కంప్యూటర్ ఆకుపచ్చ సాకెట్‌లోంచి తీగ తీసి మిక్సర్ స్టీరియో లైన్ చానెల్‌కు ఇవ్వండి. మైకును మైకు చానెల్‌కు. మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి రిసీవర్ అనలాగ్ ఇన్‌పుట్‌కు. ఆక్స్ అనో సీడీ అనో రాసి ఉంటుంది. ఫోనో అని ఉన్నదానికి మాత్రం ఇవ్వకండి, అది గ్రామఫోన్ ప్లేయర్ కోసం, పగిలిపోయినట్టు వస్తుంది. హెచ్‌డీఎంఐ తీగ ఎట్లుందో అట్లే ఉండనీండి, బొమ్మకు, సాహిత్యానికి అది కావాలి. విండోస్‌లో సౌండ్ అవుట్‌పుట్ మాత్రం ఆకుపచ్చ సాకెట్‌కు మార్చండి. రిసీవర్లో డైరెక్ట్ లేదా ప్యూర్ డైరెక్ట్ బటన్ ఉంటే నొక్కండి. లేకపోతే అది అనలాగ్‌గా వచ్చినదాన్ని కూడా మళ్ళీ డిజిటల్ చేసి, తన వంట తాను వండి పంపుతుంది, మొదటికొస్తాం.

ఒక సంగతి గమనించినారా? ఈ ఏర్పాటులో పాట ఇప్పటికీ కంప్యూటర్లో ఆలస్యం అవుతూనే ఉంది. అయినా ఏమీ కాదు. పాట అర సెకను ఆలస్యమైనా ఎవరికి తెలుస్తుంది? మీరు విన్నప్పుడే అది మొదలైనట్టు. దానికి తగ్గట్టు మీరు పాడతారు, మీ గొంతు అప్పటికప్పుడు వస్తుంది, రెండూ కలుస్తాయి. ఆలస్యం పాటకు చెల్లుతుంది, గొంతుకు చెల్లదు. ఈ ఒక్కటి తలకెక్కితే చాలు, ఏ తీగ యాడ పెట్టాలో మీకే తెలుస్తుంది. శ్రుతి మార్చుకోవడం కూడా ఇంతే. ఆడవాళ్ళ పాట మగవాళ్ళు పాడాలంటే ట్రాకును ఒకటిన్నర, రెండు కట్టెలు దించుకుంటారు కదమ్మా, ఆ పని కంప్యూటర్ ఎంత తీరిగ్గా చేసినా నష్టం లేదు.

టీవీలో అక్షరాలు పాట కంటే వెనకబడి వస్తున్నాయంటే, టీవీ బొమ్మను మెరుగుపెట్టడానికి ఆగుతోందని అర్థం. గేమ్ మోడ్ పెట్టండి. ఇంకా తేడా ఉంటే కోడిలో ఆడియో ఆఫ్‌సెట్ జరుపుకోండి.

ఇక గెయిన్ సంగతి, అంటే మిక్సర్లో మైకు గొంతును ఎంత పెంచాలో చెప్పే మీట. పాటలో మీరు అందుకునే అన్నిటికన్నా పై స్థాయి ఉంటుంది కదా, అది పాడి చూడండి. ఎర్రదీపం వెలిగిందా, వెలగనంత దాకా తగ్గించండి. పల్లవి గొణిగి గెయిన్ పెట్టుకుంటే చరణంలో చెవులు చిల్లులు పడతాయి.

(సభలో ఒకరు: రికార్డింగ్ చేసుకోవాలంటే కంప్యూటర్లోకి పోవాల్సిందే కదండీ?)

పోవాల, కానీ తిరిగి రాకూడదు. మిక్సర్లో ఇంకో అవుట్ ఉంటే అక్కడినుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు ఒక తీగ వేసుకుని రికార్డు చేసుకోండి. ఇందాక చెప్పిన "లిజన్" టిక్కు మాత్రం తీసేయండి, లేకపోతే గొంతు రెండుసార్లు వస్తుంది. అట్లే నాయిస్ సప్రెషన్, ఎకో కాన్సలేషన్ అని ఏవున్నా ఆపేయండి. అవి మీటింగుల కోసం పెట్టినవి. మీరు ఒక స్వరం మీద నిలబడి సాగదీస్తే, ఇదేదో ఫ్యాన్ చప్పుడనుకుని దాన్ని నమిలేస్తాయి.

లేదు, నాకు కంప్యూటర్లోనే ఎకో, రివర్బ్ కావాలి, గొంతు దాంట్లోంచే రావాలి అనేవాళ్ళుంటారు. కుర్రవాళ్ళు వినరు, నాకు తెలుసు. వాళ్ళకు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును, స్పీకర్లను కంప్యూటర్‌కు కలిపే బయటి పెట్టె కావాలి, అసియో డ్రైవర్‌తో పనిచేసేది. 1997లో స్టెయిన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన పద్ధతి అది, విండోస్ మిక్సర్‌ను పక్కకు నెట్టి నేరుగా పోతుంది. బఫర్ 128 పెడితే ఒక్కో వైపు మూడు మిల్లీసెకన్ల లోపే. విండోస్ బదులు లినక్స్ వాడేవాళ్ళు, మైకు గొంతును స్పీకర్‌కు తిప్పి పంపే పల్స్‌ఆడియో లూప్‌బ్యాక్ మాడ్యూల్ పెట్టుకుంటే, ఏమీ చెప్పకపోతే అది 200 మిల్లీసెకన్లు పెట్టుకుంటుంది. ఆ ఇగ్ నోబెల్ లెక్కే! తగ్గించి చెప్పాలి దానికి.

ఒకటి గుర్తుంచుకోండి. గొంతు లోపలికి ఏ ఇంటర్‌ఫేస్‌లోంచి పోతుందో, బయటికి కూడా దాన్నుంచే రావాలి. యూఎస్‌బీ మైకు ఒకటి, బయటికి హెచ్‌డీఎంఐ అంటే రెండు గడియారాలు. రెండూ 48,000 అనే చెప్తాయి, కానీ లక్షలో అయిదు వంతుల తేడా ఉన్నా సెకనుకు రెండు కొలతలు పైనే ఎక్కువతక్కువ అవుతాయి. ఇద్దరు అలిపిరిలో ఒకేసారి మెట్లెక్కడం మొదలుపెడతారు, ఇద్దరిదీ ఒకే నడక అనుకుంటాం. గాలిగోపురం దగ్గర చూస్తే ఒకరు లేరు. మొదటి పాట బాగుండి, నాలుగో పాటకు టకటకమని విరిగే చప్పుళ్ళు వస్తున్నాయంటే ఇదే కారణం కావచ్చు.

మీ ఇంట్లో ఆలస్యం ఎంతో మీరే కొలుచుకోవచ్చు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి మైకు పక్కన, స్పీకరుకు దగ్గరగా ఉంచండి. తాళంచెవితో మైకు జాలీని ఒక్కసారి టక్ మని కొట్టండి. ఇదిగో, ఇట్లా. (మైకు చప్పుడు) గట్టిగా వద్దు. ఆ రికార్డింగును ఆడాసిటీ అనే, ధ్వనిని బొమ్మగా చూపించే సాఫ్ట్‌వేర్లో తెరిస్తే రెండు ముళ్ళు కనపడతాయి. మొదటిది తాళంచెవి చప్పుడు, రెండోది స్పీకర్లోంచి వచ్చింది. మధ్యలో ఎన్ని మిల్లీసెకన్లో పైన గీతమీదే ఉంటుంది. ముళ్ళు రెండూ కలిసిపోయి ఒకటిగా కనపడితే నిశ్చింతగా పాడుకోండి.

ఇక కీచుమనే చప్పుడు. డెన్మార్క్ భౌతికశాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరుమీద దాన్ని లార్సెన్ ఎఫెక్ట్ అంటారు. స్పీకర్లోంచి వచ్చిన గొంతు మళ్ళీ మైకులో పడి తిరుగుతా ఉంటుంది. మన ఇళ్ళల్లో నేలంతా టైల్సు, గ్రానైటు, గోడలు బోడిగా ఉంటాయి, శబ్దానికి ఆగే చోటే లేదు. మందం పరదా వేయండి, కింద జంపఖానా పరవండి. మైకు పట్టుకునేవాళ్ళు స్పీకర్ల ముందుకు రాకూడదు, స్పీకర్ల వెనకవైపే ఉండాలి. మైకును నోటికి దగ్గర పెట్టుకోండి. జానెడు దూరం నుంచి రెండు అంగుళాలకు తెస్తే గొంతు నాలుగింతలు బలంగా పడుతుంది, ఆ మేరకు వాల్యూమ్ తగ్గించుకోవచ్చు. సినిమా హీరోల్లా జాలీని గుప్పిట మూసి పట్టుకునే అలవాటు మానండి. మైకు వెనకనుంచి వచ్చే శబ్దం తోసేయడానికి ఆ జాలీ కింద కన్నాలు పెట్టి ఉంటారు. అవి మూస్తే నాలుగు దిక్కులా వింటుంది, కీచుమంటుంది.

గుయ్యిమని అడుగున ఒకటే మోత వస్తుంటే అది కరెంటుది, 50 హెర్ట్జ్‌ది. కంప్యూటర్ ఒక గోడకు, రిసీవర్ ఇంకో గోడకు, మధ్యలో కేబుల్ టీవీ తీగ. వీటన్నిటి ఎర్తు కలిసి ఒక వలయమవుతుంది. అన్నిటినీ ఒకే బోర్డుకు పెట్టండి. కేబుల్ తీగ పీకి చూడండి. అప్పటికీ పోకపోతే ఆడియో తీగ మధ్యలో పెట్టే ఐసోలేటర్ అని దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ ఎవరైనా "మూడో పిన్ను విరిచేద్దాం సార్" అంటే అతనికి టీ ఇచ్చి పంపేయండి. మైకు ఇనుముది, మీరు దాన్ని పెదాలకు ఆనించుకుని పాడతారు.

(సభలో ఒకరు: పాత పాటల్లో గొంతు తీసేసే బటన్ ఉంది, నొక్కితే పాటే పోతుంది.)

పోతుంది. ఆ బటన్ చేసేది ఎడమ చానెల్లోంచి కుడి చానెల్‌ను తీసేయడం. స్టీరియో పాటలో గొంతు రెండిట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి గొంతు పోతుంది, పక్కన వాయిద్యాలు మిగులుతాయి. ఘంటసాల గారి కాలం పాటలు మోనో. ఎడమా కుడీ ఒకటే. దాంట్లోంచి దాన్నే తీసేస్తే మిగిలేది సున్నా. వాటికి ఈ కొత్తరకం సాఫ్ట్‌వేర్లు కావాలి. 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్ అని ఒకటి ఉచితంగా ఇచ్చింది, డెముక్స్ లాంటివి కూడా ఉన్నాయి. గొంతు ఎట్లుంటుందో నేర్చుకుని విడదీస్తాయి. వయొలిన్ కొంచెం నలుగుతుంది, అయినా పాడుకోవడానికి బాగానే ఉంటుంది. అది ముందురోజే చేసి పెట్టుకోండి, పాడే వేళకు కాదు.

(ఒక అమ్మ: బ్లూటూత్ మైకు మా మనవడు కొన్నాడు. పనికొస్తుందా?)

ఆ మైకులోనే స్పీకరు ఉంటే దాన్ని దాంతోనే వాడుకోమ్మా, గొంతు లోపలే కలుస్తుంది, సరదాగా ఉంటుంది. దాన్ని బ్లూటూత్‌తో కంప్యూటర్‌కు కలపాలంటే మాత్రం వద్దు. బ్లూటూత్ ధ్వని ఒక దిక్కు పోవడానికే 100, 200 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. తీగ లేకుండా కావాలంటే యూహెచ్ఎఫ్ వైర్‌లెస్ మైకు తీసుకోండి, పెళ్ళిళ్ళల్లో మేం వాడేది అదే. దాని రిసీవర్ పెట్టెను మిక్సర్‌కు ఇవ్వండి. బ్యాటరీలు మంచివి వేయండి.

(వెనక నుంచి: పక్కింటివాళ్ళు పోలీసులకు చెప్తామంటున్నారు సార్.)

(నవ్వులు) చెప్పొచ్చు వాళ్ళు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి పదినుంచి పొద్దున ఆరుదాకా 45. 55 అంటే ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నంత. గంగ జాతర రోజుల్లో ఊరంతా మోగుతుంటే మీ ఇంటి మైకు ఎవరికీ పట్టదు గానీ, మామూలు రోజుల్లో రిసీవర్లో సబ్‌వూఫర్ సగానికి తగ్గించండి. గోడ దాటి పోయేది ఆ కింది మోతే, గొంతు కాదు. తొమ్మిదిన్నరకు ఆఖరి పాట పెట్టుకోండి. ఇప్పుడు ఇద్దరు ముందుకు రండి, ఈ మిక్సర్‌కు తీగలు మీచేతే గుచ్చిస్తా.